ఫార్మాట్ కొట్టాను కదా, ఇక అమ్మేయొచ్చా?

అమ్మా, మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. మీది గుణుపురం. నాన్నగారు నడిపిన జెరాక్స్, ఇంటర్నెట్ సెంటర్‌ని ఆయన పోయాక మూసేస్తున్నారు. ఏడు కంప్యూటర్లు, ఒక ల్యాప్‌టాప్ ఉన్నాయి. పాత సామాను కొనే అతను అన్నీ కలిపి కిలో లెక్కన పట్టుకుపోతానంటున్నాడు. మీరు విండోస్ సీడీ పెట్టి అన్నిటికీ ఫార్మాట్ కొట్టారు. ఒకదాంట్లో మాత్రం డిస్క్ టకటకమంటోంది, ఫార్మాట్ తీసుకోవట్లేదు. అది ఎలాగూ చచ్చిపోయిందే కదా అని వదిలేశారు. ఇక ఇచ్చేయొచ్చా అని మీ ప్రశ్న.

ఇవ్వకండి. ఒక్క వారం ఆగండి. ఆ చచ్చిపోయిందనుకున్న డిస్క్‌ని అసలే ఇవ్వకండి.

నేను పర్లాకిమిడిలో ఇరవయ్యేళ్లకు పైగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. పోయిన డేటా తిరిగి తీసివ్వడం నా పనిలో సగం. ఎలా తీస్తామో తెలుసు కాబట్టే, ఏం చేస్తే మళ్లీ తీయలేమో కూడా చెప్పగలను.

సీడీ పెట్టి విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కనిపించే ఫార్మాట్ బటన్ చేసేది క్విక్ ఫార్మాట్. ఇంటి గుమ్మం మీద నంబరు పలక పీకేస్తే లోపల మనుషులు ఖాళీ చేసినట్టు కాదు కదా, ఇదీ అంతే. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న పట్టికను కొత్తగా మొదలుపెడతారు, ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి. మళ్లీ విండోస్ ఎక్కిస్తే అది కూర్చున్న చోట, అంటే ఓ ఇరవై ముప్పై జీబీ మేర, పాతవి చెరుగుతాయి. 500 జీబీ డిస్క్‌లో మిగతాదంతా అలాగే ఉంటుంది. ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పట్టికను అసలు చూడదు. ప్రతి జేపీఈజీ ఫోటోకీ మొదట్లో ఒకేరకం గుర్తు ఉంటుంది, పీడీఎఫ్‌కి ఇంకోటి. డిస్క్ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చదువుకుంటూ ఆ గుర్తు కనబడిన చోటల్లా ఫైలు పైకి తీస్తుంది. దానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు, మా షాపులో పని నేర్చుకునే కుర్రాడు రెండో వారంలోనే చేస్తాడు.

మామూలు ఇంటి కంప్యూటరు అయితే ఇంత కంగారు పెట్టేవాణ్ణి కాదు. మీది సెంటరు. ఆ డిస్కుల్లో ఉన్నవి మీవి కావు, ఊరివి.

2018 చివర్లో మన ఒడిశాలో రైతులకి సాయం చేసే కాళియా పథకం వచ్చినప్పుడు వాళ్ల ఫారాలు, 2024 సెప్టెంబరులో ఆడవాళ్లకి సాయం చేసే సుభద్ర పథకం మొదలైనప్పుడు వాళ్ల ఫారాలు ఎన్ని స్కాన్ అయ్యుంటాయో మీరే తలుచుకోండి. సుభద్ర రోజుల్లో మా వీధిలో సెంటర్ల ముందు పొద్దున్న ఆరింటికే లైను ఉండేది. కొండల మీంచి సవర ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని దిగొచ్చి, ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు కౌంటర్ మీద పెట్టి కూర్చునేవారు. స్కాన్ చేసింది ఎక్కడ సేవ్ అవుతుందో వాళ్లకి తెలీదు, తెలుసుకునే వీలూ లేదు. చాలామంది సంతకం బదులు వేలిముద్ర వేస్తారు. ఆ కాగితం స్కాన్‌లో వేలిముద్ర గీతలు కూడా దిగుతాయి.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఊళ్లలో బ్యాంకు మిత్రల దగ్గర వేలు పెట్టి డబ్బు తీసుకుంటారు కదా, ఆ ఏఈపీఎస్ పద్ధతికి ఓటీపీ అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. కాగితాల మీది వేలిముద్రల నుంచి నకిలీ ముద్ర తయారుచేసి డబ్బు లాగేసిన కేసులు దేశంలో చాలాచోట్ల నమోదయ్యాయి. ఆ మూడూ కలిపి ఒకేచోట దొరికే వస్తువు ఏదంటే, మీలాంటి సెంటరు హార్డ్ డిస్కే.

నా కళ్లతో చూసింది చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక సీసీటీవీ పనికి సెకండ్‌హ్యాండ్ డిస్క్ కావాల్సి, పాత సామాన్ల గోడౌన్‌లో నాలుగు కొన్నాను. బాగున్నాయో లేదో పరీక్షించేటప్పుడు ఒకదానిమీద ఫోటోరెక్ నడిపాను. ఖాళీ డిస్క్ అనే అమ్మారు. గంటలో ఫోల్డరు నిండిపోయింది. ఆధార్ కార్డులు, రేషన్ కార్డులు, భూమి పట్టాలు, ఆకృతి ఫాంట్‌లో టైప్ చేసిన ఒడియా దరఖాస్తులు, అను ఫాంట్‌లో తెలుగు పెళ్లి కార్డులు. ఒక ఫోటో దగ్గర చెయ్యి ఆగిపోయింది. నీలం తెర ముందు పాస్‌పోర్ట్ సైజు ఫోటో, మా వీధి చివర పాలు పోసే ఆవిడది. పక్కనే ఆవిడ పాసుబుక్కు మొదటి పేజీ. ఆ డిస్క్ ఏ సెంటర్ నుంచి వచ్చిందో నాకు తెలీదు. తెలిసినా చెప్పను, ఎందుకంటే వాళ్లు కూడా మీలాగే ఫార్మాట్ కొట్టి, పని అయిపోయిందనుకుని ఉంటారు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కూడా కాదు. అమెరికాలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు ఎంఐటీ పరిశోధకులు 158 పాత డిస్కులు కొని చూశారు. వాటిలో 129 పనిచేశాయి. సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో ఐదు వేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. 2003లో ఆ వివరాలు అచ్చయ్యాయి.

సరే, ఇప్పుడు చేయాల్సిన పని. ముందు నాన్నగారి ఫైళ్లు. అన్నిటికీ ఫార్మాట్ కొట్టేశానన్నారు కాబట్టి ఇంటి ఫోటోలు, ట్యాలీ లెక్కలు ఏవైనా కావాల్సినవి ఉంటే తుడవకముందే తీయించుకోవాలి. తుడిచాక నేనే కాదు, ఎవరూ తీయలేరు. మీరు అడగకపోయినా ఇది చెబుతున్నాను, చాలామంది ఇది అయ్యాకే గుర్తుచేసుకుని ఏడ్చారు.

పనిచేసే హార్డ్ డిస్క్‌ని తుడవడం అంటే దాని మీద మొదటి అంగుళం నుంచి చివరి అంగుళందాకా సున్నాలు రాయించడం. దీనికి ఏమీ కొనక్కర్లేదు, విండోస్‌లోనే డిస్క్‌పార్ట్ అనే టూల్ ఉంది. ఒక డిస్క్ తనని తాను తుడుచుకోలేదు కాబట్టి ఇంకో కంప్యూటరుకి తగిలించాలి. లేదా విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మొదటి స్క్రీన్ దగ్గర షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల కిటికీ వస్తుంది. అందులో డిస్క్‌పార్ట్ అని కొట్టండి. తర్వాత లిస్ట్ డిస్క్. తర్వాత సెలెక్ట్ డిస్క్, పక్కన నంబరు. తర్వాత డీటెయిల్ డిస్క్, ఇది కంపెనీ పేరు, మోడల్ చూపిస్తుంది. డిస్క్ మీది స్టిక్కరుతో సరిచూసుకున్నాక మాత్రమే క్లీన్ ఆల్. ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి: diskpart, list disk, select disk, detail disk, clean all. ‘ఆల్’ మరిచిపోయి ఉత్త క్లీన్ కొడితే క్షణంలో అయిపోతుంది, కానీ పోయేది పార్టిషన్ల వివరం, అంటే డిస్క్‌ని ఏ భాగాలుగా విడగొట్టారన్నది ఒక్కటే. డేటా అక్కడే ఉంటుంది.

క్లీన్ ఆల్ కొట్టాక స్క్రీన్ మీద ఏమీ కదలదు. ఎంత శాతం అయిందో చూపించదు, కర్సర్ మెరుస్తూ ఉంటుంది, అంతే. హ్యాంగ్ అయిందనుకుని చాలామంది మధ్యలో ఆపేస్తారు. ఆపకండి. 500 జీబీ డిస్క్‌ని నేరుగా లోపలి కేబుల్‌కి తగిలిస్తే రెండు గంటలు అటూఇటూ పడుతుంది. పాత యూఎస్‌బీ 2.0 అడాప్టర్ మీద అయితే నాలుగైదు గంటలు. రాత్రి పెట్టి పడుకోండి. మధ్యలో కరెంటు పోతే డిస్క్‌కి ఏం కాదు, మళ్లీ మొదటి నుంచి నడపాలి.

డీటెయిల్ డిస్క్ దగ్గర ఎందుకంత నొక్కి చెప్పానంటే, నా చేతుల మీదుగా ఒక నష్టం జరిగింది. 2013లో ఒక ఫోటో స్టూడియో అతను రెండు డిస్కులు తెచ్చాడు. రెండూ 500 జీబీయే. ఒకటి తుడవాలి, రెండోదాంట్లో ఆ సీజన్ పెళ్లిళ్లు ఉన్నాయి. రెండూ ఒకేసారి తగిలించాను. రాత్రి తొమ్మిదింటికి, షట్టర్ దించే తొందరలో, 1 కొట్టాల్సిన చోట 2 కొట్టాను. పది నిమిషాలకి అనుమానం వచ్చి ఆపాను. ఆ పది నిమిషాల్లో సుమారు యాభై జీబీ సున్నాలైపోయింది. మిగిలిన భాగంలోంచి ఫోటోలు తీశాను, నాలుగు రోజులు పట్టింది. ఆ యాభై జీబీలో ఉన్న ఒక పెళ్లి తాలూకు ఒక్క ఫోటో కూడా రాలేదు. నా దగ్గరున్న ప్రతి సాఫ్ట్‌వేర్ నడిపాను. ప్రతిదీ సున్నాలే చూపించింది. ఆ పెళ్లికూతురి వాళ్ల నాన్నకి నేనే వెళ్లి చెప్పాను. అప్పటి నుంచి తుడవాల్సిన డిస్క్ ఒక్కటే తగిలిస్తాను, మిగతావాటి కేబుళ్లు ఊడదీసి టేబుల్ అవతల పెడతాను. మీరూ అలాగే చేయండి. ఒక్కో డిస్క్ మీద మార్కర్‌తో నంబరు రాసుకోండి, తుడిచినదాని మీద టిక్కు పెట్టండి.

ఒక్కసారి సున్నాలు రాస్తే చాలా, ఏడుసార్లు రాయాలట, ముప్పై ఐదుసార్లు రాయాలట అని మీరు ఎక్కడైనా చదివి ఉండొచ్చు. ఆ ముప్పై ఐదు పీటర్ గుట్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1996లో రాసిన పేపర్ నుంచి వచ్చింది. అప్పటి రకరకాల డిస్కులన్నిటినీ దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క అది. ఇప్పటి డిస్కులకి అదంతా చేయడంలో అర్థం లేదని తర్వాత ఆయనే రాశారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, ఇలాంటి హార్డ్ డిస్కుల్లో డేటా మళ్లీ దొరక్కుండా ఉండాలంటే మామూలుగా ఒక్కసారి రాయడం సరిపోతుందనే చెప్పాయి. ఆ పెళ్లి ఫోటోలు వెతికిన నాలుగు రోజులూ నాకు అదే చెప్పాయి. ఏడుసార్లు రాయాలనే టెన్షన్‌తో ఒక్కసారి కూడా రాయకుండా వదిలేయడమే ఎక్కువ చూశాను.

అయ్యాక నమ్మకం కోసం రెండు పనులు. హెచ్ఎక్స్‌డీ అనే చిన్న ఉచిత ప్రోగ్రాంలో డిస్క్ తెరిచి మొదట్లో, మధ్యలో, చివర్లో చూడండి. వరసగా సున్నాలే కనబడాలి. తర్వాత దానిమీద ఫోటోరెక్ నడపండి. ఒక్క ఫైలూ రాకూడదు. నాన్నగారి కౌంటర్ కంప్యూటర్ డిస్క్ మీద, తుడవకముందు కూడా ఓ పది నిమిషాలు ఫోటోరెక్ నడిపి చూడమంటాను. ఫార్మాట్ కొట్టాక ఎంత మిగిలి ఉందో మీ కళ్లతో మీరు చూస్తే, మిగతావి తుడవడానికి బద్ధకం రాదు.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. అందులో ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లో దాచుకునే డ్రైవ్ ఉంటే క్లీన్ ఆల్ మీద ఆధారపడకండి. ఎస్ఎస్‌డీ అరుగుదల సమానంగా ఉండటానికి, మీరు ఒకచోట రాయమంటే అది లోపల ఇంకోచోట రాస్తుంది. మనకి కనిపించని అదనపు స్థలం కూడా దానికి ఉంటుంది, పాత ముక్కలు అక్కడ మిగిలిపోవచ్చు. దానికి సెక్యూర్ ఎరేజ్ అనే ఆదేశం డ్రైవ్‌లోనే ఉంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్‌లోనే, అంటే విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగుల్లోనే, ఆ ఆప్షన్ ఉంటుంది, లేకపోతే డ్రైవ్ కంపెనీ వాళ్ల ఉచిత టూల్‌తో చేయొచ్చు. నిమిషాల్లో అయిపోతుంది. కొత్తగా ఎస్ఎస్‌డీ కొనేవాళ్లకి నేను చెప్పేది, మొదటి రోజే బిట్‌లాకర్, అంటే డ్రైవ్ మొత్తానికి తాళం వేసే విండోస్ సదుపాయం పెట్టుకోమని. అప్పుడు అమ్మే రోజున తాళం చెవి పారేసినా లోపలిది ఎవరికీ చదవడానికి రాదు.

ఇక ఆ టకటకమనే డిస్క్.

కంప్యూటర్ గుర్తించని డిస్క్ అంటే డేటా పోయిన డిస్క్ అని అందరూ అనుకుంటారు. డేటా ఉండేది లోపలి పళ్లేల మీద. చెడిపోయేది ఎక్కువగా చదివే హెడ్, లేకపోతే కింద ఉన్న పచ్చటి బోర్డు. అవి మార్చగలిగినవాడికి డేటా ఎప్పటిలాగే ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, మీకూ గుర్తుండే ఉంటుంది. మహేంద్రతనయ పొంగి మా ఊళ్లోకి నీళ్లొచ్చాయి. ఒక బియ్యం మిల్లు ఆఫీసులో కంప్యూటరు ఒకటిన్నర రోజు నీళ్లలో ఉండిపోయింది. పారేయమని నాకు ఇచ్చేశారు. పెట్టె విప్పితే డిస్క్ చుట్టూ బురద గట్టిపడి మట్టి ఇటుకలా ఉంది. బ్రష్‌తో బురద దులిపి, బోర్డు విప్పి, స్పిరిట్‌తో కడిగి, కాంటాక్టులు తుడిచి, నాలుగు రోజులు ఆరనిచ్చి పవర్ ఇచ్చాను. అదృష్టం, లోపలికి నీళ్లు పోలేదు. తిరిగింది. మూడేళ్ల లెక్కలు, ధాన్యం ఇచ్చిన రైతుల ఖాతా నంబర్లతో సహా బయటికొచ్చాయి.

ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగొస్తూ ఆకాశంలోనే ముక్కలైంది, మన కల్పనా చావ్లా పోయింది అందులోనే. ఆ శకలాల్లో ఒక ప్రయోగానికి వాడిన హార్డ్ డిస్క్ ఎండిపోయిన చెరువులో దొరికింది. ప్లాస్టిక్ కరిగిపోయి, మాడిపోయి ఉంది. దానిలోంచి 99 శాతం దాకా డేటా తీయగలిగారు. అంత ఎత్తు నుంచి మంటల్లో పడినదానిలోంచి వచ్చింది. మీ గదిలో టకటకమంటున్నదానికి ఏం కొదవ?

ఎవరూ మీ డిస్క్ కోసం అంత ఖర్చు పెట్టరు, నిజమే. కానీ పనిచేయని డిస్క్‌ని మనం సున్నాలతో తుడవలేం. అందుకని దాన్ని పగలగొట్టాలి. స్పీకర్ అయస్కాంతం దానిమీద రుద్దితే డేటా పోతుందని ఎవరైనా చెబితే వినకండి. డిస్క్ లోపలే, ఆ పళ్లేల పక్కనే, స్పీకర్‌దానికన్నా గట్టి అయస్కాంతాలు ఏళ్ల తరబడి ఉంటాయి, డేటాకి ఏమీ కాదు. నీళ్లలో నానబెట్టడం పనికిరాదు, తిత్లీ కథ చెప్పాను కదా. కాల్చడం అసలే వద్దు, ఆ బోర్డు పొగ పిల్లలున్న ఇంట్లో పీల్చేది కాదు.

పెద్ద కంప్యూటర్‌లో ఉండే మూడున్నర అంగుళాల డిస్క్‌కి డ్రిల్‌తో, పళ్లేలు ఉన్న గుండ్రటి భాగంలో, నాలుగైదు చోట్ల అవతలి వైపుకి వచ్చేలా చిల్లులు పెట్టించండి. గ్రిల్లు పనిచేసే వెల్డింగ్ షాపులో ఐదు నిమిషాల పని, మీరు పక్కనే నిలబడండి. విప్పే ఓపిక ఉంటే నక్షత్రం ఆకారం స్క్రూడ్రైవర్‌తో మూత తీసి, అద్దంలా మెరిసే ఆ పళ్లేలని బయటికి తీసి, ఎమిరీ పేపర్‌తో రెండు వైపులా గీకి, వంచేయొచ్చు. మెరుపు పోయి బూడిదరంగు లోహం కనబడాలి. అక్కడ దొరికే అయస్కాంతాలు రెండూ ఒకదానికొకటి అంటుకునేటప్పుడు మధ్యలో వేలు పడితే రక్తం వస్తుంది, పిల్లలకి ఇవ్వకండి. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కుల్లో చాలావాటికి పళ్లేలు గాజువి. ఎప్పుడైనా అలాంటిది వస్తే విప్పొద్దు. గోనెసంచిలో వేసి, మూతి కట్టి, కళ్లద్దాలు పెట్టుకుని సుత్తితో కొట్టండి. లోపల గలగలమంటే పని అయినట్టే.

మీరు లెక్కలో వేయనివి రెండు ఉండొచ్చు. ఒకటి సీసీటీవీ డీవీఆర్, అంటే కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె, అందులో ఉండేది హార్డ్ డిస్కే. రెండోది, జెరాక్స్ మిషన్. కంప్యూటరుకి కలిపి ప్రింటు, స్కాను అన్నీ చేసే పెద్ద డిజిటల్ మిషన్ అయితే, వాటిలో చాలావాటికి లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది, మీద పెట్టిన కాగితాల బొమ్మలు అందులో నిలవ ఉండే అవకాశం ఉంది. సెట్టింగుల్లో డిస్క్ చెరిపే ఆప్షన్ ఉందేమో సర్వీసు అతన్ని అడగండి. లేదంటే డిస్క్ ఊడదీయించి మీ దగ్గరే ఉంచుకోండి. నాన్నగారి డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్, సెంటర్ ఐడీ ఏవైనా ఉంటే అవి కూడా రద్దు చేయించండి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా, అవసరం తీరాక జనం వివరాలు చెరిపేయాలనే చెబుతోంది. పెట్టెలు, మానిటర్లు ఇవ్వడానికి రిజిస్టర్ అయిన ఈ-వేస్ట్ రీసైక్లర్ అయితే మంచిది, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమాలు అదే కోరుతున్నాయి. గుణుపురంలో వాళ్లు దొరకడం కష్టం అంటారా, పాత సామాను అతనికి ఇచ్చుకోండి. కానీ డిస్కులు లేకుండా ఇవ్వండి. ధరలో తేడా వస్తే ఒకటి రెండు వందలు వస్తుంది, అంతే.

మీ పాత రెండు కంప్యూటర్లు విండోస్ ఎక్స్‌పీ కాలంవి అన్నారు. వాటి డిస్కులు వెడల్పు పట్టీ కేబుల్‌తో ఉండే ఐడీఈ రకం అయ్యుండొచ్చు. వాటికి ఇప్పటి కంప్యూటర్లలో పోర్టు ఉండదు, అడాప్టరూ మీ ఊళ్లో వెంటనే దొరక్కపోవచ్చు. నా దగ్గర ఉంది. పెట్టెలు మోసుకురాకండి, డిస్కులు మాత్రం విప్పి, ఒక్కోదాన్నీ పేపర్లో చుట్టి, నంబర్లు రాసి, రైల్లో పట్టుకురండి. మీరు వచ్చిన రోజు రాత్రికే నడుపుతాను. తెల్లారి సున్నాలు మీరే చూసుకుని, టకటకమనేదానికి చిల్లులు పక్కింటి వెల్డింగ్ షాపులో మీ ముందే పెట్టించి, అన్నీ తీసుకుని మధ్యాహ్నం బండికి వెళ్లిపోవచ్చు.